మాల్టా చలికాలం, ఇంటినిండా జనం, మూలన ఒక డీహ్యూమిడిఫైయర్

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. మాల్టాలో పాత రాతింట్లో అద్దెకుంటున్నారు, జనవరిలో ఇండియా నుంచి మనవాళ్ళు దిగుతున్నారు అంటే, హీటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒక డీహ్యూమిడిఫైయర్, అంటే గదిలో గాలి నుంచి తేమ లాగేసే మిషన్, కొనుక్కోండి. నా మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో చెప్తాను, దానికి గట్టి కారణమే ఉంది.

ఫలానా కంపెనీది కొనండి అని చెప్పడానికి రాస్తున్నది కాదిది. ఇక్కడి ఎలక్ట్రికల్ షాపుల్లో వరసగా పెట్టి ఉండేవాటికి పైన ప్లాస్టిక్ రంగు వేరు గానీ లోపల పనిచేసే పద్ధతులు రెండే. నా దగ్గరున్నది కంప్రెసర్ రకం. డబ్బా మీద రోజుకి 20 లీటర్లు లాగుతుందని ఉంటుంది. రెండు వందల యూరోలకి కాస్త పైన పడింది. చక్రాలున్నాయి, వెనకాల తీసి నీళ్ళు పారబోసుకునే ట్యాంకు ఉంది, నిండగానే అదే ఆగిపోయి బీప్‌మని అరుస్తుంది.

మాది కాకినాడ. ఉప్పుగాలి, ఉక్కపోత నాకు పుట్టుకతో వచ్చినవి. కానీ అక్కడ తేమంటే చెమట, ఫ్యాను, మజ్జిగ. ఇక్కడ తేమ చల్లగా ఉంటుందండి. పక్క మీద దుప్పటి ఎత్తితే ఎవరో ఇప్పుడే పిండి ఆరేసినట్టు ఉంటుంది. జనవరిలో మా ఇంటికి వచ్చిన నా ఇంజనీరింగ్ స్నేహితురాలు, బయల్దేరే ముందు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "ఏమే, మీ ఊళ్ళో పగలు పదిహేను, రాత్రి పది అని చూపిస్తోంది. మాకూ జనవరి రాత్రులు పద్నాలుగు, పదిహేనే కదా, తలా ఒక స్వెటర్ చాలు" అంది. అంకెలు చూస్తే నిజమే అనిపిస్తుంది. తేడా అంతా మధ్యాహ్నంలో ఉంది. హైదరాబాద్‌లో మధ్యాహ్నానికి ఇరవై ఎనిమిది దాటుతుంది, తలుపులు తీస్తే ఇల్లు ఎండుతుంది, గోడ వెచ్చబడుతుంది. మాల్టాలో మధ్యాహ్నం కూడా పదిహేనూ పదహారే. గాలిలో తేమ డెబ్భై అయిదు, ఎనభై శాతం. గోడకి ఎండే అవకాశమే రాదు.

ఇక గోడ. బిర్కిర్కారాలో పాత వీధిలో, కింది అంతస్తు ఇల్లు మాది. ఇక్కడి తేనెరంగు సున్నపురాయిని గ్లోబిజెరీనా అంటారు. రాజధాని వలెట్టా కోటగోడల దగ్గర్నుంచి మా స్నానాలగది దాకా అదే రాయి. సాయంత్రం ఎండ పడితే ఊరంతా పసుపు రాసినట్టు ఉంటుంది, ఫోటోలు అదిరిపోతాయి. కానీ నీళ్ళు పీల్చుకునే రాయి. పాత ఇళ్ళకి పునాదిలో తడిని ఆపే పొర ఉండదు, నేలలోని చెమ్మ మెల్లగా గోడెక్కుతుంది. వాననీళ్ళు పట్టుకోవడానికి ఇంటి కిందే బావి తవ్వుకోవడం ఇక్కడ వందల ఏళ్ళ అలవాటు, అదీ ఉంది మా కింద. ఎత్తైన కప్పులు, ఒంటి అద్దం కిటికీలు, కాలు పెడితే జివ్వుమనే టైల్స్. ఇల్లంతా జూలై నెలని తట్టుకోవడానికి కట్టింది. అందుకే జనవరిలో ఎండ కాసిన రోజు లోపల కంటే వీధిలో వెచ్చగా ఉంటుంది. ఎదురింటి ముసలాయన కుర్చీ బయట వేసుకుని కూర్చోవడం చూసి మా స్నేహితురాలి అత్తగారు కూడా ఇంకో కుర్చీ పట్టుకెళ్ళిపోయారు. "ఇంట్లో ఉండలేక అరుగు మీద కూర్చునే చలికాలం ఎక్కడా చూళ్ళేదమ్మా" అన్నారు. ఆవిడని నేను పిన్నిగారు అంటాను. ఈ రివ్యూలో సగం మార్కులు ఆవిడ ఇచ్చినవే.

వచ్చింది నలుగురు. స్నేహితురాలు, వాళ్ళాయన (నేను అన్నయ్యగారు అంటాను), రెండో తరగతి చదివే బాబు, పిన్నిగారు. మేమిద్దరం. ఇద్దరుండే ఇంట్లో ఆరుగురం. ఆరుగురంటే చోటు సర్దుకోవడం ఒక్కటే కాదు, ఆరు ఊపిర్లు. మనిషి ఊపిరి ద్వారా, ఒంటి మీంచి రోజుకి లీటరు దాకా నీరు గాలిలోకి వదులుతాడు. దానికి తోడు పొద్దున ఇడ్లీ ఆవిరి, కుక్కర్ విజిల్స్, వరసగా ఆరు వేడినీళ్ళ స్నానాలు, ఆరుగురి బట్టలు. మాల్టా చూడ్డానికి వచ్చినవాళ్ళని ఎలాగూ హైపోజియంకి తీసుకెళ్తాం కదా. పావ్లా ఊళ్ళో నేలకింద రాతిలో తొలిచిన ఆ శ్మశానాలయం 1902లో బయటపడింది, అయిదువేల ఏళ్ళ నాటిది. గంటకి పదిమందిని మాత్రమే దింపుతారు. ఎక్కువమంది ఊపిరి పీలిస్తే లోపలి తేమ, వేడి, గాలి మారిపోయి కప్పు మీది ఎర్రమట్టి బొమ్మలు చెడిపోతాయని. టికెట్లు వారాల ముందే బుక్ చేసుకోవాలి, మనవాళ్ళు వీసా వచ్చిన రోజే చెయ్యండి. అక్కడ గైడ్ ఈ మాట చెప్తుంటే అన్నయ్యగారు నా వైపు తిరిగి, "మీ ఇంట్లో కూడా ఇలాగే బ్యాచ్‌లుగా పెట్టుకోవాల్సిందమ్మా" అన్నారు. ఆ రాయీ సున్నపురాయే, మా గోడా సున్నపురాయే, ఆ జాగ్రత్త మాత్రం మా గోడకి లేదు, వెనకగదిలో నల్లబూజు పట్టింది.

హీటర్ కంటే ముందు ఇది అని ఎందుకన్నానంటే, ఇంటి ఓనరు ఒక గ్యాస్ హీటర్ వదిలిపెట్టి వెళ్ళారు. మాల్టాలో చాలా ఇళ్ళలో ఉంటుంది, చక్రాల మీద నడిచే ఇనప బీరువాలాంటి డబ్బా, లోపల సిలిండరు. సిలిండర్ల లారీ వీధిలోకి హారన్ కొట్టుకుంటూ వస్తుంది, ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవడమే. వెలిగించగానే ముఖానికి హాయిగా తగులుతుంది. పిన్నిగారు మొదటిరోజు దాని ముందు నుంచి కదల్లేదు. కానీ లెక్క చూడండి. ఒక కిలో గ్యాస్ కాలితే సుమారు ఒకటిన్నర కిలోల పైన నీరు ఆవిరై గదిలోకే వస్తుంది. పన్నెండు కిలోల సిలిండరు అయిపోయేసరికి దాదాపు 19 లీటర్లు. పొగగొట్టం లేని హీటర్ కాబట్టి అదంతా బయటికి పోయే దారే లేదు, ఎదురుగా ఉన్న చల్లటి గోడ మీద కూర్చుంటుంది. పైగా కార్బన్ మోనాక్సైడ్ భయం, కిటికీ కాస్త తీసి ఉంచాలి. తీస్తే వేడి పోతుంది. పడుకునే గదిలో అసలు పెట్టకూడదు. మా స్నేహితురాలు పొద్దున్నే లేచి కిటికీ అద్దం మీద వేలితో బొమ్మ గీసి బాబుకి చూపిస్తుంటే, ఆ ధారలు కిందికి కారి చెక్క చట్రంలోకి ఇంకిపోతున్నాయి. అదంతా రాత్రి హీటర్ ఇచ్చిన నీరే.

డీహ్యూమిడిఫైయర్ చేసేది దీనికి సరిగ్గా ఎదురు. గాలిని లోపలికి లాగి చల్లటి గొట్టాల మీంచి పోనిచ్చి, నీటిని కింద ట్యాంకులోకి దింపి, గాలిని కాస్త వేడెక్కించి వదులుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు లీటరుకి దాదాపు 0.7 యూనిట్ అంత వేడి బయటికొస్తుంది, మోటారు వాడుకున్న కరెంటు కూడా చివరికి వేడే. తలుపు మూసిన చిన్నగదిలో రాత్రంతా తిరిగితే పొద్దునకి ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుంది. అదేమీ చెప్పుకునేంత వెచ్చదనం కాదు. కానీ తేమ ఎనభై నుంచి యాభై అయిదుకి దిగిన గదిలో పదహారు డిగ్రీలు ఒంటికి పదహారులా ఉండవు. దుప్పటి పొడిగా ఉంటుంది, అంతే తేడా. పడుకునేముందు ఏసీని హీటింగులో ఒక గంట వేస్తే అంతకంటే ఏం అక్కర్లేదు. ఏసీలో డ్రై మోడ్ ఉంది కదా అని అడుగుతారు చాలామంది. అది గదిని చల్లబరుస్తూ ఆరబెడుతుంది, ఆగస్టుకి పనికొస్తుంది.

డబ్బా మీది 20 లీటర్ల సంగతి చెప్పాలి. ఆ అంకె ముప్పై డిగ్రీల వేడి, ఎనభై శాతం తేమ ఉన్న గదిలో కొలిచింది. అంటే జూన్‌లో కాకినాడలో పెడితే వస్తుందేమో. మాల్టా జనవరి గదిలో అందులో మూడోవంతు వస్తే సంతోషించాలి. అబద్ధం కాదు గానీ, కొనేవాడికి అవసరమైన మాట చిన్నక్షరాల్లో ఉంటుంది. పదిలీటర్లది చాలులే అని చవకది తీసుకుంటే ఈ చలిలో అది గుక్కెడు నీళ్ళు తెచ్చి అలిసిపోతుంది. పెద్దదే తీసుకోండి. గది పదిహేను కంటే చల్లబడితే గొట్టాల మీద మంచు పేరుకుంటుంది, దాన్ని కరిగించుకోవడానికి మధ్యమధ్యలో ఆగుతుంది. పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు.

దీనికి నేను పూర్తి మార్కులిచ్చేది బట్టల విషయంలో. పక్క దీవి గోజోకి వెళ్ళాం. చిర్కెవ్వా రేవు నుంచి ఓడలో ఇరవై అయిదు నిమిషాలు, వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే తీసుకోవాలి. చితాదెల్లా కోట పైకి ఎక్కేసరికి గాలివాన. గొడుగులు తిరగబడ్డాయి, ఆరుగురి జాకెట్లు, ప్యాంట్లు, బాబు బూట్లతో సహా తడిసి ముద్ద. మామూలుగా అయితే ఈ నెలలో మందపాటి జీన్స్ ఇంట్లో ఆరేస్తే మూడోరోజుకి ఆరదు, వాసన పట్టుకుంటుంది, మళ్ళీ ఉతకాలి. చిన్నగదిలో స్టాండు మీద అన్నీ వేసి, తలుపు మూసి, దీన్ని లాండ్రీ మోడ్‌లో పెట్టాను. పొద్దున లేచేసరికి జీన్స్ నడుం పట్టీ తప్ప అన్నీ ఆరాయి. ట్యాంకు నిండి ఆగి ఉంది. పిన్నిగారు ఆ ట్యాంకు తీసి వెలుతురులో పెట్టి చూసి, "ఇన్ని నీళ్ళూ మన గుడ్డల్లోవేనా? తాగొచ్చా ఇవి?" అన్నారు. తాగకూడదండి, దుమ్ము, గొట్టాల మీది లోహం అన్నీ ఉంటాయి. కానీ నదీ చెరువూ లేని దీవిలో, కుళాయి నీళ్ళలో సగానికి పైగా సముద్రం నుంచి ఉప్పు తీసి తయారుచేసే దేశంలో ఆవిడకి వాటిని పారబొయ్యడం మనసొప్పలేదు. ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళతోనే టైల్స్ తుడిచారు. వద్దన్నా వినలేదు.

సంక్రాంతి వెళ్ళిన వెంటనే వచ్చారు కదా, అరిసెలతో పాటు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చారు. నా కోసమనే. మాల్టా గాలిలో పూతరేకు ఒక్క రాత్రి బయట ఉంటే పొర పొరా అతుక్కుని మెత్తటి ముద్ద అయిపోతుంది. అప్పడాలదీ అదే గతి, ఉప్పు గడ్డకడుతుంది, కారప్పొడి డబ్బాకి అంటుకుంటుంది. పూతరేకుల పెట్టెని మిషన్ ఉన్న గదిలో అలమరలో పెట్టాను. చివరి రేకు దాకా పెళపెళలాడింది. నా వరకు కొన్న డబ్బులు అక్కడే వచ్చేశాయి.

కరెంటు గురించి అన్నయ్యగారు రోజూ అడిగేవారు, పాపం ఆయన మొహమాటం ఆయనది. నా మిషన్ తిరిగేటప్పుడు రెండొందల వాట్ల చుట్టూ తింటుంది. ఎనిమిది గంటలకి 1.6 యూనిట్లు. మాల్టాలో నివాస టారిఫ్‌లో మొదటి 2000 యూనిట్లకి యూనిట్ ధర 10.47 సెంట్లు, అంటే రాత్రికి పదిహేడు సెంట్లు. ఇక్కడి వీధుల్లో అమ్మే చిరుతిండి పాస్టిజ్జి ఒకటి కొన్నదానికంటే తక్కువ. అయితే అద్దెకుండేవాళ్ళకి ఒక మెలిక. మీ పేర్లు కరెంటు ఖాతాలో ఫారం హెచ్ ద్వారా నమోదై ఉంటేనే ఆ నివాస టారిఫ్, మనిషిని బట్టి వచ్చే తగ్గింపు. లేకపోతే బిల్లు ఎక్కువ రేటులో పడుతుంది. కొంతమంది ఓనర్లు ఈ ఫారం మాటెత్తితే వినిపించనట్టు ఉంటారు. ఇల్లు తీసుకునే రోజే అడగండి. మిషన్ దండగా కాదా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని వాడితే దీనికి సగం పని తగ్గుతుంది. వాయవ్యం నుంచి మజ్జిస్త్రాల్ గాలి వీస్తున్నప్పుడు చలేసినా సరే కిటికీలన్నీ బార్లా తియ్యండి, ఇల్లు ఆరుతుంది. ఆగ్నేయం నుంచి ష్లోక్ వీస్తే మాత్రం అన్నీ మూసెయ్యాలి. ఆఫ్రికా వైపు నుంచి సముద్రం దాటి గోరువెచ్చగా, తడిగా వస్తుంది. బయట హాయిగా ఉంది కదా అని తలుపులు తీస్తే ఆ ఆవిరి అంతా చల్లటి నేల మీద పడి టైల్స్ చెమటలు పడతాయి. అన్నయ్యగారు అలాంటి పూటే సాక్సులతో వంటింట్లో జారారు. దెబ్బేం తగల్లేదు, కాఫీ పోయింది.

ఫిబ్రవరి 10 సెలవు. క్రైస్తవ ప్రచారకుడు సెయింట్ పాల్ ఎక్కిన ఓడ ఈ దీవి దగ్గర పగిలిపోయిన జ్ఞాపకంగా చేసే పండగ. వలెట్టాలో ఊరేగింపు, పైనుంచి కాగితం ముక్కల వాన. తడిసి ఒడ్డుకి చేరినవాళ్ళకి వానా చలీ చూసి ఊళ్ళోవాళ్ళు మంట వేశారని కథ. జనంలో నిలబడి పిన్నిగారికి చెప్తుంటే, "ఎన్నాళ్ళున్నాడమ్మా ఆయన?" అన్నారు. మూడు నెలలు అన్నాను. "ఈ తడిలోనే?" అని ఆ ఊరేగే విగ్రహానికి నిజంగానే చేతులు జోడించారు.

ఇప్పుడు ఆ ఒక్క మార్కు. చప్పుడు. పాత ఫ్రిజ్ ఒకటి తలాపున పెట్టుకుని పడుకున్నట్టు. ఫ్యాను చప్పుడు అలవాటైన మనవాళ్ళకి ఫరవాలేదనుకుంటే పొరపాటు, ఫ్యాను ఒకే శ్రుతిలో తిరుగుతుంది, ఇది కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా గొంతు మారుస్తుంది. మా స్నేహితురాలు రెండో రాత్రి లేచి ఆపేసింది, పొద్దునకి అద్దాలు మళ్ళీ కారుతున్నాయి. మేం చేసిన సర్దుబాటు ఏమిటంటే, పగలు అందరూ తిరగడానికి పోయినప్పుడు పడకగదిలో తలుపు మూసి పెట్టడం, రాత్రి వరండాలోకి మార్చడం. ట్యాంకు నిండినప్పుడు వచ్చే బీప్ శబ్దాన్ని ఆపే బటన్ లేదు. రాత్రి మూడింటికి అది అరిస్తే ఇంట్లో బాబు తప్ప అందరూ లేచేవారు. వెనకాల గొట్టం తగిలించి నేరుగా షవర్ కాలువలోకి వదిలితే ఆ బాధ లేదు గానీ, డబ్బాలో ఇచ్చే గొట్టం జానెడు. హార్డ్‌వేర్ షాపులో రెండు మీటర్లది విడిగా కొనుక్కోవాలి.

కొనేటప్పుడు, వాడేటప్పుడు ఇంకొన్ని విషయాలు. ముందు తేమ కొలిచే చిన్న మీటరు కొనండి, పది యూరోల లోపే. మిషన్ మీద కనిపించే అంకె దాని పక్కన గాలిది, మంచం వెనక గోడ దగ్గర వేరే ఉంటుంది. యాభై నుంచి అరవై మధ్య ఉంచితే చాలు, నలభైకి దింపితే గొంతులు ఎండి దగ్గులు. ఇంటికి తెచ్చేటప్పుడు నిలువుగానే తెచ్చుకోండి, కారులో పడుకోబెట్టి తేవాల్సి వస్తే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వెయ్యండి. వెనక జల్లెడ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగాలి. సూపర్‌మార్కెట్లో దొరికే తేమ పీల్చే గుళికల డబ్బాలు బీరువాలో చీరల దగ్గరికి పర్వాలేదు, గదికి చాలవు, ఒలికితే ఆ ద్రవం చెక్కనీ బట్టనీ పాడుచేస్తుంది.

రెండో రకం డెసికెంట్. అందులో కంప్రెసర్ ఉండదు, తేమ పీల్చే చక్రం తిరుగుతుంది. బరువు తక్కువ, చప్పుడు ఫ్యానుదే, గది పది డిగ్రీలున్నా అంతే పనిచేస్తుంది, వదిలే గాలి బాగా వెచ్చగా ఉంటుంది. కరెంటు మాత్రం రెండింతలకి పైనే. మీ ఇల్లు మాలాగా కింది అంతస్తులో, ఎండ పడనిదై, గదులు పదమూడు పద్నాలుగుకి దిగిపోతుంటే, ముఖ్యంగా చుట్టాలు పడుకునే గదికి అయితే, అదే మేలు. స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు పైఅంతస్తుల కొత్త ఫ్లాట్లలో ఉండేవాళ్ళకి నాదే సరిపోతుంది, అక్కడ గది అంత చల్లబడదు, వేసవిలోనూ పనికొస్తుంది. పిన్నిగారు వచ్చే ఏడు మళ్ళీ వస్తానన్నారు, అదీ ఏప్రిల్‌లోనట.